అడ్వెంట్ అంటే ఏంటి? క్రిస్మస్‌కు ముందు ఆ నాలుగు ఆదివారాలు ఎందుకంత ముఖ్యం?

సంగారెడ్డి: డిసెంబర్ వచ్చిందంటే చాలు.. ఇళ్ల మీద స్టార్లు, రాత్రిపూట క్యారల్స్, ఆఫీసుల్లో సెమీ క్రిస్మస్ కేకులు. ముంబై హైవే మీద పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి పటాన్‌చెరు దాకా షిఫ్టు డ్యూటీలు చేసే క్రైస్తవ కుటుంబాలకైతే పండగ హడావుడి, డ్యూటీ హడావుడి రెండూ ఒకేసారి మీద పడతాయి. ఈ సందడిలో చాలామంది మర్చిపోయేది ఒకటుంది. చర్చి క్యాలెండర్ ప్రకారం డిసెంబర్ 24 వరకు నడిచేది క్రిస్మస్ కాదు, అడ్వెంట్. అంటే ఎదురుచూసే కాలం.

అసలు అర్థం ఇదీ..

'రాక' అనే అర్థం ఉన్న లాటిన్ పదం 'అడ్వెంటస్' నుంచి ఈ పేరు వచ్చింది. తెలుగు కథోలిక సంఘాలు దీన్ని 'ఆగమన కాలం' అంటాయి. ఇందులో రెండు ఎదురుచూపులున్నాయి. ఒకటి బెత్లెహేములో యేసు పుట్టుకను తలుచుకోవడం, రెండోది ఆయన మళ్లీ వస్తాడన్న నమ్మకంతో బతుకును సరిచేసుకోవడం. కథోలిక, సీఎస్‌ఐ లాంటి సంఘాల్లో ఆరాధనా సంవత్సరం మొదలయ్యేది కూడా ఇక్కడి నుంచే.

ఎప్పుడు మొదలవుతుంది?

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారం అడ్వెంట్ మొదలు. అది నవంబర్ 27, డిసెంబర్ 3 మధ్యలోనే పడుతుంది. అందుకే ఈ కాలం ఒక్కో ఏడాది ఒక్కోలా ఉంటుంది. 2022లో 28 రోజులు వస్తే, 2023లో 22 రోజులే వచ్చాయి. 2026లో నవంబర్ 29న మొదలవుతుంది. కేరళలోని సిరో మలబార్ క్రైస్తవుల లెక్క వేరు. వాళ్లు డిసెంబర్ 1 నుంచి 25 రోజుల నోన్పు పట్టి, మాంసం, చేపలు మానేస్తారు.

కొవ్వొత్తుల కథ

పచ్చని ఆకుల చక్రంలో నాలుగు కొవ్వొత్తులు పెట్టి, వారానికొకటి అదనంగా వెలిగిస్తారు. నిరీక్షణ, సమాధానం, సంతోషం, ప్రేమ.. చాలా చర్చిల్లో వీటికి చెప్పే అర్థాలివే. మూడు ఊదా రంగువి, మూడో ఆదివారానిది గులాబీ రంగు. ఊదా పశ్చాత్తాపానికి, సిద్ధపాటుకు గుర్తు.

ఈ అలవాటు పెద్ద కేథడ్రల్‌లో పుట్టింది కాదు. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో పేద పిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిక్ విఖెర్న్, పండగకు ఇంకా ఎన్ని రోజులని అడిగే పిల్లల కోసం బండిచక్రం మీద కొవ్వొత్తులు పెట్టాడని చెబుతారు.

మెదక్ చెప్పే పాఠం

ఎదురుచూపు అంటే ఏంటో ఉమ్మడి మెదక్ జిల్లా వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో మెదక్ చర్చి కట్టడానికి దాదాపు పదేళ్లు పట్టింది. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరికేలా ఆ నిర్మాణం సాగిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. 175 అడుగుల గోపురం ఉన్న ఆ చర్చిని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. ఆ పదేళ్లూ ఎదురుచూసినవాళ్లు ఊరికే కూర్చోలేదు. రాయి మీద రాయి పేర్చారు. అడ్వెంట్ అడిగేది కూడా అదే.

షిఫ్టు డ్యూటీలో ఎలా పాటించాలి?

ఆదివారం డ్యూటీ పడితే అడ్వెంట్ పోయినట్టేనా? అక్కర్లేదు. ఇంట్లో అందరూ కలిసే పూట, అది నైట్ షిఫ్టు దిగి వచ్చిన పొద్దుటైనా సరే, ఒక కొవ్వొత్తి వెలిగించి పది నిమిషాలు కూర్చోవచ్చు. యెషయా ప్రవచనాలు, బాప్తిస్మమిచ్చు యోహాను, మరియమ్మ గురించిన భాగాలు ఈ కాలంలో ఎక్కువగా చదువుతారు. మాట్లాడటం మానేసిన అన్నదమ్ములకు ఒక ఫోన్, తీర్చాల్సిన బాకీ, పక్కింటివాళ్లకు ఒక పూట భోజనం.. ఇవీ సిద్ధపాటులో భాగమే.

సెమీ క్రిస్మస్ కేక్ తినొద్దని ఎవరూ అనరు. కాకపోతే 25 రాకముందే పండగ అయిపోయినట్టు అనిపిస్తే, ఆ రోజు ఉదయానికి మిగిలేది అలసటే. నాలుగు వారాలు ఆగినవాళ్లకు ఆ పొద్దు వేరుగా ఉంటుంది.