గోడకు సంతకం ఉండదు

తెలుగులో పిల్లల కథల బొమ్మల చరిత్ర అనగానే మనకు చందమామ గుర్తొస్తుంది. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య - అందరూ మగవాళ్లే. మరి ఆడవాళ్లు బొమ్మలు వేయలేదా? ఖమ్మం దాటి భద్రాచలం అడవి వైపు వెళ్లినప్పుడల్లా ఈ ప్రశ్న నన్ను వెంటాడుతుంది. అలికిన అరుగుల మీద, మట్టిగోడల మీద ఆడవాళ్ల చేతిగీతలు కనబడతాయి. వాటికి సంతకం ఉండదు. గట్టి వాన కొడితే అవీ ఉండవు.

ఈ ప్రశ్నే నన్ను దుర్గాబాయి వ్యామ్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమెది మన ప్రాంతం కాదు. మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లా. గోండు స్త్రీ. మన కోయల భాష గోండీకి దగ్గరిదే. పెళ్లిళ్లకూ పండుగలకూ ఆడవాళ్లు గోడల మీద, నేల మీద వేసే ‘దిగ్నా’ను ఆరేళ్లప్పుడే అవ్వ దగ్గర నేర్చుకుంది. గోడ మీద ఉన్నంతకాలం అది ఇంటిపని. కాగితం మీదికి వచ్చాకే కళ అయింది.

చెన్నైలోని తారా బుక్స్ 2006లో తెచ్చిన ‘ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’లో భజ్జు శ్యామ్, రామ్‌సింగ్ ఊర్వేతిలతో పాటు ఆమె బొమ్మలున్నాయి. నల్లటి చేతికాగితం మీద చేత్తోనే అచ్చువేసిన ఆ పుస్తకానికి 2008లో బొలోన్యా బహుమతి వచ్చింది. వరంగల్ జిల్లా పల్లెలో పుట్టిన కంచ ఐలయ్య పిల్లలకు శ్రమగౌరవం గురించి రాసిన ‘టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్’ (2007)కు బొమ్మలు ఆమెవే. ఆదివాసులతో మొదలయ్యే ఆ పుస్తకానికి ఆదివాసీ స్త్రీ బొమ్మలు వేయడం నాకు చాలా పెద్ద విషయంగా తోస్తుంది. అంబేద్కర్ జీవితం మీద వచ్చిన ‘భీమాయన’ (2011)లో ఆమె, భర్త సుభాష్ కలిసి బొమ్మల కథలకు అలవాటైన చతురస్రపు గడులను వద్దనుకున్నారు. దిగ్నా గీతలతోనే పుటను విభజించారు. అవ్వ నేర్పిన గోడ గీతే అంబేద్కర్ కథకు వ్యాకరణమైంది.

2022లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకూ వచ్చింది. ఆయన 2024లో కన్నుమూశారు. పాటకు ఆలస్యంగానైనా ఒక పేరు దక్కింది. మన అడవి ఆడవాళ్ల గీతలకో?

అచ్చయిన పేర్లనే లెక్కపెడితే స్త్రీల బొమ్మల చరిత్ర ఎప్పుడూ ఆలస్యంగానే మొదలవుతుంది. రేపు మన ఏజెన్సీ పిల్లల కథల పుస్తకాలకు కోయ స్త్రీలు బొమ్మలు వేస్తే, ‘జానపద శైలి’ అని రాసి ఊరుకోవద్దు. రచయిత పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో వాళ్ల పేరు ఉండాలి. పారితోషికం చేతికందాలి. వేసిన అసలు బొమ్మ వాళ్ల సొంతమై ఉండాలి.