నిప్పార్పువారే ప్రాణరక్షకులైన వృత్తాంతము

కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరపాలకుని విధులను చెప్పు ప్రకరణ మొకటి కలదు. అందు అగ్నిభయమును గూర్చిన కట్టుబాట్లు మిక్కిలి నిశితముగా చెప్పబడినవి. ప్రతి గృహస్థుడును నీటికుండలను, నిచ్చెనను, గొడ్డలిని, చేటను, కొక్కెమును ఇంట సిద్ధముగా నుంచుకొనవలెను. రాజవీధులయందును, కూడళ్లయందును వేలకొలది నీటికుండలు బారులు తీర్చి యుండవలెను. ఊరిలో ఇల్లంటుకొన్నప్పుడు ఆర్పుటకు పరుగెత్తి రాని గృహస్వామికి 12 పణములును, అద్దెకున్నవానికి 6 పణములును దండుగ. ఆ గ్రంథమందే వేరొకచోట, యుద్ధమునకు సాగు సేన వెనుక శస్త్రములు, యంత్రములు, మందులు, తైలములు, కట్టుగుడ్డలు చేతబూనిన వైద్యులు నిలువవలెనని విధింపబడినది. ఒకటి అగ్నిధర్మము, రెండవది వైద్యధర్మము. రెంటియందును గల సారాంశ మొక్కటియే: ఆపద పుట్టిన పిదప సాధనమును వెదకుట కాదు, ఆపద పుట్టు చోటికి చేరువగా సాధనమును ముందుగనే నిలుపుట. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లను సామెత మన పల్లెలలో నేటికిని వాడుకలో నున్నది గదా.

ఈ రెండు ధర్మములను ఒక్క శాఖ చేతిలో నుంచి, లోకమునకు మేలుబంతిగా నిలిచిన నగరములలో సియాటిల్ ఒకటి. అది అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్య దిక్కున, వాషింగ్టన్ రాష్ట్రమునందు సముద్రపు పాయ నానుకొని యున్నది. నేడు తెలుగువారనేకులు ఉద్యోగములకై వెడలి కాపురముండు ప్రదేశము. ఆ నగర చరిత్రను ఎరుగుటకు మొదట దాని దహనమును ఎరుగవలెను.

1889వ సంవత్సరము జూన్ 6వ తేదీన ఆ యూరి వడ్రంగి దుకాణ మొకదానిలో పొయ్యిమీద కాగుచున్న జిగురు పొంగి అంటుకొన్నది. నేలయంతయు చెక్కపొట్టు, టర్పెంటైను నూనె. దగ్గరనున్న పనివాడు మంచితలంపుతోనే నీళ్లు క్రుమ్మరించెను. కాని మండుచున్న జిగురు నీటితోబాటు చెదరి, మంట నలుదిక్కులకు ప్రాకినది. ఆనాడు ఆ యూరనున్నది స్వచ్ఛంద దళము మాత్రమే. దాని నాయకుడు అగ్నిమాపకుల సభ కొరకు శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు పోయి యుండెను. నీటి గొట్టములు సన్ననివి. అందు పెక్కు దొలిచిన మ్రాకులు. ఒకేసారి పలుచోట్ల నీరు తోడగా ధార సన్నగిలిపోయెను. సముద్రపు నీటిని తోడుదమన్నచో అది పోటు తీసిన వేళ. సాయంకాలమునకు వ్యాపారకేంద్రమంతయు, ఇరువదికి మించిన వీధిచతురములు, భస్మమైపోయినవి.

ఆ దహనము నుండి నగరవాసులు రెండు పాఠములు నేర్చిరి. నీటి సరఫరాను ఒక ప్రైవేటు కంపెనీకి విడువక నగరమే చేపట్టుటకు ఆ యేడే వోటు చేసిరి. స్వచ్ఛందుల స్థానమున జీతముమీద పనిచేయు అగ్నిమాపక శాఖను ఆ యేడు అక్టోబరులోనే నెలకొల్పిరి. నాటి నుండి పేటపేటకు ఒక ఫైరు స్టేషను, అందు రేయింబవళ్లు మేలుకొనియుండు మనుష్యులు, సిద్ధముగా నిలిచిన బండ్లు ఏర్పడినవి. ఎనుబదియేండ్ల పిమ్మట ఈ ఏర్పాటే వేరొక కార్యమునకు పునాది యైనది.

అంబులెన్సు కథ వేరు. పూర్వము యుద్ధమున గాయపడినవారు పోరు ముగియువరకు పడినచోటనే యుండెడివారు. నెపోలియన్ సేనలోని శస్త్రవైద్యుడు లారీ 1790 ప్రాంతముల తేలిక గుర్రపుబండ్లను పోరు జరుగుచుండగనే రణరంగమునకు నడిపి, క్షతగాత్రులను తెచ్చు పద్ధతిని ఏర్పరచెను. 1869వ సంవత్సరమున న్యూయార్కు నగరపు బెల్వ్యూ ఆసుపత్రి గుర్రపుబండి అంబులెన్సులను నడపసాగెను. అయినను ఇరువదవ శతాబ్ది నడిమి వరకు అమెరికాలో పెక్కుచోట్ల రోగిని మోసుకొనిపోవునది శవవాహనమే! పడుకొన్న మనిషి పట్టునంతటి పొడవుగల బండి శవసంస్కారము చేయించు వ్యాపారులకు మాత్రమే యుండుట వలన ఈ వింత యేర్పడినది. 1966వ సంవత్సరమున ఆ దేశపు జాతీయ విజ్ఞాన పరిషత్తు ఒక నివేదికను వెలువరించినది. 1965వ సంవత్సర మొక్కదానియందే ప్రమాదముల వలన 1,07,000 మంది మరణించిరని అందు లెక్క చూపబడినది. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చుటయే గాని దారిలో చికిత్స చేయు నేర్పు లేదన్నది దాని యాక్షేపణ.

అదే కాలమున హృదయవైద్యమున గొప్ప మార్పు వచ్చినది. ఆగిన గుండెను రొమ్ము కోయకయే, రొమ్ముపై చేతులతో నొక్కి నడిపింపవచ్చునని 1960వ సంవత్సరమున బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ పండితులు ప్రకటించిరి. వట్టి చేతులు చాలును. గుండె క్రమము తప్పి వణకుచున్నచో పైనుండి విద్యుద్ఘాతమిచ్చి సరిదిద్దు యంత్రములును సిద్ధమైనవి. 1966వ సంవత్సరమున ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున పాంట్రిడ్జి అను వైద్యుడు అట్టి యంత్రమును కారు బ్యాటరీలతో నడపి, అంబులెన్సులో రోగి యింటికే కొనిపోయెను. మరుసటియేడు లాన్సెట్ అను వైద్యపత్రికలో తన యనుభవమును ప్రచురించెను.

ఆ వ్యాసమును సియాటిల్ నగరమున హార్బర్‌వ్యూ ఆసుపత్రి హృద్రోగ వైద్యుడు లియొనార్డ్ కాబ్ చదివెను. మాటను లెక్కతో తూచి చూచుట ఆయన స్వభావము. రొమ్ములోని ధమనిని కట్టివేసినచో గుండెనొప్పి తగ్గునని వైద్యులు నమ్ముచున్న దినములలో, కొందరికి ఆ శస్త్రచికిత్స చేసి, కొందరికి చర్మము మాత్రము కోసి పోల్చి చూచి, రెంటికిని భేదము లేదని 1959వ సంవత్సరమున నిరూపించిన వారిలో ఆయన ముఖ్యుడు. బెల్‌ఫాస్టులో వలె ప్రతి బండిలోను వైద్యుని కూర్చుండబెట్టుట సాధ్యము కాదని ఆయన గ్రహించెను. ఆగిన గుండెకు సాయమందనిచో నాలుగైదు నిమిషములలో మెదడు చెడనారంభించును. జాగుచేసిన ప్రతి నిమిషమునకు బ్రదుకు ఆశ నూటికి ఏడు మొదలు పది పాళ్లు తరుగును. కావున పది నిమిషములకు మిగులునది దాదాపు శూన్యము. అంతలోపల ఎల్లయిండ్లకు చేరగలవారెవరు? పేటపేటను మేలుకొనియున్న నిప్పార్పువారు. వారు అప్పటికే ప్రథమచికిత్స చేయుచుండిరి. శాఖాధిపతి గార్డన్ వికరీ యీ యోచనను ఆదరించెను.

ఎన్నుకొనబడిన అగ్నిమాపకులకు హార్బర్‌వ్యూ వైద్యులు శిక్షణ మొసగిరి. 1970వ సంవత్సరము మార్చి 7వ తేదీన మెడిక్ వన్ అను సేవ యారంభమైనది. మొదటి బండి ప్రయాణపు ఇల్లువంటి పెద్ద వాహనము. దాని భారీ యాకారమును జూచి జనులు మోబీ పిగ్ అని హాస్యముగా పేరిడిరి. మొదట కొంతకాలము వైద్యులును బండిలో వెంటనుండిరి. వైద్యుడు లేకున్నను పని చెడదని తేలిన పిమ్మట పారామెడిక్కు లనబడు ఆ శిక్షితులే రేడియో ద్వారా వైద్యునితో మాటలాడుచు చికిత్స నడపిరి. ఇందలి కీలకము రెండంచెల పద్ధతి. పిలుపు వచ్చినంతనే దగ్గరి స్టేషనునుండి బండి మొదట చేరును. అందలివారు గుండెను నొక్కి ఊపిరి నిలిపి యుంచెదరు. వెనువెంటనే పారామెడిక్కులు మందులతో, యంత్రముతో వచ్చెదరు. దూరమును రెండుగా పంచుకొన్నందున కాలము కలిసివచ్చినది.

కార్యము మంచిదైనను ద్రవ్యము లేక నిలువదు. ఆరంభమున కేంద్ర ప్రభుత్వమిచ్చిన ధనము తీరిపోగా సేవ ఆగునను భయము కలిగినది. అప్పుడు అగ్నిమాపకులును పౌరులును చందాలు వసూలుచేసి దానిని నిలిపిరి. 1979వ సంవత్సరమున నగరమున్న కింగ్ కౌంటీ వోటర్లు దీనికై తమపై తామే ప్రత్యేకపు పన్ను విధించుకొనిరి. పన్ను కట్టువాడు పన్నును కోరి తెచ్చుకొనుట లోకమున అరుదు.

అయినను ఈ చరిత్రలో అన్నింటికంటె ముఖ్యమైన ఘట్టము వేరొకటి. నొక్కుట ఎంత త్వరగా మొదలైన అంత మేలు. దానిని నిప్పార్పువాడు నేర్వగలిగినప్పుడు సామాన్యుడేల నేర్వరాదని వికరీ కాబును ప్రశ్నించెను. ఆ ప్రశ్ననుండి మెడిక్ టూ పుట్టినది. అది బండి కాదు, పాఠశాల. 1972 నాటికి గుమాస్తాలు, గృహిణులు, విద్యార్థులు బొమ్మలపై చేతులు మోపి నేర్చుకొనుచుండిరి. అనతికాలములో లక్షమందికి పైగా నేర్చిరి. 1973 మార్చిలో ఆ నగరపు జాక్సన్ పార్కు గోల్ఫు మైదానమున నొక మనిషి స్పృహ తప్పి పడియుండగా ఆటకు వచ్చిన పిల్లలు చూచిరి. ఒకడు ఫోను చేయుటకు దూరముననున్న భవనమునకు పరుగెత్తెను. తక్కినవారు నొక్కసాగిరి. మెడిక్ వన్ బండి పచ్చిక మైదానము నడుమనుండి వచ్చి, రెండుమారులు విద్యుద్ఘాతమీయగా గుండె మరల కొట్టుకొన్నది. రెండుమూడు దినములకు ఆ మనిషి కోలుకొని కూర్చుండెను. ఇతరులు చూచుచుండగా కూలి, విద్యుద్ఘాతమునకు లొంగు గుండెవణకు గలవారిలో నూటికి 62 మంది బ్రదికి బయటపడిరని 2013వ సంవత్సరపు కింగ్ కౌంటీ లెక్క తెల్పుచున్నది.

1889లో దగ్గరనున్న చేయి తెలియక నీళ్లు చల్లి ఊరు కాల్చినది. 1973లో దగ్గరనున్న చేయి తెలిసి నొక్కి ప్రాణము నిలిపినది. రెండుచోట్లను మంచితలంపు సమానమే. భేదము విద్యయందు మాత్రమే.

తెలుగునాట ఈ రెండు ధర్మములు రెండు శాఖల చేతిలో నున్నవి. నిప్పుకు 101, రోగికి 108. ఈ 108 సేవ 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థచే ఆరంభింపబడి, పిదప పలు రాష్ట్రములకు ప్రాకినది. పల్లెటూళ్ల దారులు దూరమైనవి. బండి ఎంత వేగముగా వచ్చినను మొదటి పది నిమిషములు ఇరుగుపొరుగువారివే. కౌటిల్యుడు ఇంటింట నీటికుండ నుంచుమనెను. సియాటిల్ పౌరులు ఇంటింట ఒక నేర్పు నుంచుకొనిరి. గ్రంథాలయము వంటి జనవిద్యాకేంద్రములున్న గ్రామములకు ఇది అసాధ్యము కాదు. పుస్తకము నందు అక్షరమెట్లో, ఆపదలో అరచేయి అట్లు. నేర్చినవాని వద్దనే దానికి విలువ.