అకరణీయానికి ఆ ‘అ’ ఎక్కడిది?

తెలుగు మాధ్యమంలో లెక్కలు నేర్చినవారికి ఒక చిక్కు గుర్తుండే ఉంటుంది. రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా రాయగలిగినది అకరణీయ సంఖ్య. అలా రాయ వీలుకానిది కరణీయ సంఖ్య. ఇంగ్లీషులో నిషేధం రెండవదానికి ఉంటే, మనకది మొదటిదానికి ఉంది. ఈ తిరకాసు వెనుక ఒక చరిత్ర ఉంది.

‘కరణి’ శుల్బసూత్రాల నాటి మాట. యజ్ఞవేదిక కొలతల్లో చతురస్రాన్ని ఏర్పరచే తాడు కరణి. రెండింతల వైశాల్యాన్నిచ్చేది ద్వికరణి, అనగా నేటి √2. తరువాతి గణితకారులు సరిగా తెగని వర్గమూలానికే ఆ పేరు నిలిపారు. కనుక తెగేది ‘అ’కరణీయమైంది.

కృష్ణా గోదావరీ తీరాల వైదిక కుటుంబాల్లో ఎక్కువమందిది ఆపస్తంబ సూత్రం. ఆపస్తంబుని శుల్బసూత్రం ప్రకారం ద్వికరణి కావాలంటే, ఒకటికి దాని మూడవ వంతును, ఆ మూడవ వంతులో నాలుగవ వంతును కలిపి, ఈ చివరి దానిలో 34వ వంతును తీసివేయాలి. వచ్చేది 577/408. 577 వర్గం 3,32,929. 408 వర్గానికి రెట్టింపు 3,32,928. తేడా ఒక్కటే!

ఆ ఒక్కటి ఏ భిన్నంతోనైనా పోతుందా? సూత్రకారుడు ఈ ప్రశ్న వేయలేదు. వేదికకు ఆ విలువ చాలు. గ్రీకులు వేశారు, పోదని నిరూపించారు. ఆ నిరూపణ మనవారికీ తెలుసునని వాదించేవారున్నారు. సూత్రాల్లో నాకందుకు ఆధారం కనబడదు. అంతమాత్రాన ఆ తాటి గొప్పతనం తగ్గదు.

నిరూపణలోని కీలకం సులభమైనదే. ఏ వర్గసంఖ్యను విడగొట్టినా ప్రతి ప్రధాన కారణాంకమూ సరిసార్లే వస్తుంది. పూర్ణసంఖ్యలో ఒక్క కారణాంకం బేసిసార్లు వచ్చినా, దాని వర్గమూలం కరణీయమే.

దీనికి ఉదాహరణ మన పొలాల్లోనే ఉంది. విజయవాడ చుట్టుపక్కల పొలాన్ని ఎకరాల్లో, సెంట్లలో చెప్పుకుంటాం. పది సెంట్లు 484 చదరపు గజాలు: రెండు రెండ్లు, రెండు పదకొండ్లు. కాబట్టి పది సెంట్ల చతురస్రానికి భుజం సరిగ్గా 22 గజాలు, అంటే పాత సర్వే గొలుసు పొడవు. ఎకరం 4840 చదరపు గజాలు: ఇందులో రెండు మూడుసార్లు, అయిదు ఒకసారి, పదకొండు రెండుసార్లు. భుజం 22√10, సుమారు 69.57 గజాలు. ఎన్ని దశాంశాలు పొడిగించినా చతురస్రపు ఎకరానికి గజాల్లో తెగే భుజం లేదు!

ఈ √10 మనకు పాత చుట్టమే. 850 ప్రాంతాన మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో, వృత్తపు చుట్టుకొలత సూక్ష్మంగా కావాలంటే వ్యాసాన్ని √10తో గుణించమన్నాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లన 11వ శతాబ్దంలో వేంగినేలిన రాజరాజనరేంద్రుని కాలపువాడని సాహిత్య చరిత్రకారులంటారు. అంటే తెలుగులో కావ్యమూ గణితమూ ఇంచుమించు తోబుట్టువులు.

పిల్లలకు నిర్వచనం వల్లె వేయించేముందు ఈ తాటి కథ చెబితే బాగుంటుంది. ఆ ‘అ’ ఎందుకుందో తెలిసినవారు రెండు పేర్లనూ తారుమారు చేయరు.