మిరపకారంతో ముక్కుకు చికిత్స

పోపులో ఎండుమిరపకాయ మాడిందంటే ఇంటిల్లిపాదీ తుమ్మవలసిందే. కళ్ళనుండీ ముక్కునుండీ నీరు ధారకడుతుంది. ఆ కారాన్నే, ఏళ్ళ తరబడి కారుతున్న ముక్కుకు మందుగా చిమ్ముతారంటే పాఠకులకు నవ్వు రావచ్చు.

కొందరికి అలర్జీ పరీక్షలలో ఏమీ తేలదు. ముక్కులో సూక్ష్మజీవుల జాడా వుండదు. అయినా చల్లగాలి సోకినా, అగరువత్తి పొగ తగిలినా ముక్కు దిబ్బడ వేస్తుంది, నీరు కారుతుంది. మామూలు అలర్జీ మాత్రలు వీరికి అంతగా పనిచేయవు.

మిరపలోని ఘాటైన పదార్థాన్ని 1816లో బుఖోల్జ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కొంత మలినంతోనే వేరుచేశాడు. 1876లో ఇంగ్లండులో థ్రెష్ దానిని శుద్ధిచేసి కాప్సయిసిన్ అని పేరుపెట్టాడు. అసలు కథ నడిచింది హంగరీలో. అక్కడి సెగెడ్ నగరం, మన గుంటూరు వలెనే, మిరపకు పేరుపడ్డది. (సెంట్ జార్జీ విటమిన్ సిని దండిగా తీసింది ఆ వూరి మిరపకాయలనుండే.) ఆ నగరంలో ఆచార్యుడైన మిక్లోష్ యాంచో 1940 దశాబ్దంలో ఒక వింత గమనించాడు. జంతువులకు కాప్సయిసిన్ పదేపదే ఇస్తే మొదట విలవిలలాడుతాయి. తరువాత వాటి కంటిలో కాప్సయిసిన్ వేసినా, ఆవనూనె ఘాటు తగిలించినా చలించవు. కాని స్పర్శ మాత్రం చెడదు! అంటే, మొద్దుబారినవి ఘాటును పసిగట్టే నాడులే అన్నమాట.

ఈ నాడులు మెదడుకు వార్త పంపి వూరుకోవు. తమ కొసలనుండి కొన్ని పదార్థాలను అక్కడికక్కడే వదలి రక్తనాళాలను వెడల్పు చేస్తాయి, వాపు తెస్తాయి. యాంచో 1966లో మరణించాడు. ఆయన భార్య, శిష్యుడు సోల్చానీ సహరచయితలుగా ఈ సంగతి రుజువు చేసిన వ్యాసం 1967లో వెలువడింది. నాడిని నోరు మూయిస్తే వాపు తగ్గాలి గదా! ఆ ఆలోచన ముక్కుదాకా రావడానికి మరి రెండు దశాబ్దాలు పట్టింది.

1997లో నెదర్లాండ్సు వైద్యులు 25 మంది రోగులపై పరీక్షించగా, ఉపశమనం తొమ్మిది నెలలవరకు నిలిచింది. 2003లో మరొక పరీక్షలో, గంటకొకసారి చొప్పున ఒకే రోజున ఐదుసార్లు చిమ్మితే చాలునని తేలింది. ముందుగా ముక్కుకు మత్తుమందు పట్టించి, కొలత ప్రకారం వైద్యుడే చేయవలసిన పని యిది. వంటింటి కారంతో ఎవరూ ప్రయత్నించరాదు.

2015 నాటి సమీక్ష నాలుగు పరీక్షలనూ, 302 మంది రోగులనూ లెక్కకు తీసుకొని, ఫలితం ఆశాజనకమే గాని సాక్ష్యం ఇంకా పలుచన అన్నది. నాడి కొసపై కాప్సయిసిన్ వచ్చి పట్టుకునే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనుగొన్నది. అందుకు ఆయనకు 2021లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. చికిత్స పొందిన రోగుల ముక్కుపొరలో ఆ గ్రాహకం తగ్గినట్లు 2014లోనే బెల్జియం వైద్యులు చూపించారు.