దర్భా ఘాట్ దిగితే శబరి

1795లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలోని కెప్టెన్ బ్లంట్ కాశీ దగ్గరి చునార్ కోట నుంచి బయల్దేరాడు. చేరవలసిన ఊరు ఏలూరు సర్కారులోని యర్నగూడెం. దారి పొడుగునా కొలుస్తూ, రాసుకుంటూ రావాలి. కంపెనీ పటాల మీద బస్తర్ అప్పటికి దాదాపు తెల్లకాగితమే. బ్లంట్ కాంకేర్ దాటి ఇంద్రావతి వైపు దిగాలని చూశాడు. గోండులు దిగనివ్వలేదు. చేసేదిలేక పడమటికి మళ్ళి, గోదావరిని పట్టుకుని కిందికి వచ్చాడు. యర్నగూడెం చేరాడు గానీ బస్తర్ లోపల ఏముందో చూడకుండానే చేరాడు. ఆ ప్రయాణ వృత్తాంతం తర్వాత ‘ఏషియాటిక్ రీసెర్చెస్’లో అచ్చయింది. అందులో గోండులు అడ్డుకోవడం ఒక ఆటంకం, అంతే. ఛత్తీస్‌గఢ్ చరిత్ర పుస్తకాల్లో మాత్రం అదే ‘భోపాలపట్నం సంఘర్షణ’, బస్తర్ తిరుగుబాట్లలో తొలినాటిది.

బ్లంట్‌కి దొరకని ఆ సూటి దారి ఇప్పుడు జాతీయ రహదారి 30. రాయ్‌పూర్ నుంచి కేశ్‌కాల్ ఘాట్ పన్నెండు మలుపులు ఎక్కి జగదల్‌పూర్, అక్కణ్ణుంచి దర్భా, సుక్మా, కుంట, భద్రాచలం, చివరికి విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం. ఈ దారినీ, దీని కొమ్మలనూ పట్టుకుని సైకిల్ మీద లోయలు తిరగడానికి ఈమధ్య కుర్రకారు వస్తున్నారు. నార్వేలో అయితే ఇదొక పెద్ద వ్యాపారం. అద్దె సైకిల్ తీసుకుని ఫియోర్డుల, అంటే కొండల నడుమకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల వెంట వారం రోజులు తిరిగి రావడం అక్కడి మధ్యతరగతి సెలవు. బస్తర్‌లో అంత ఏర్పాటు లేదు. కానీ ఒక్కో లోయలో చరిత్ర ఎంత దట్టంగా ఉందో చూస్తే, కారులో పోయేవాళ్ళు ఏం పోగొట్టుకుంటున్నారో అర్థమవుతుంది.

మన వాళ్ళకి ఈ దారి కొత్తది కాదు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి ఇటే వచ్చాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంటుంది. ఆయన వెనకే దేవత నడిచిందట. ‘వెనక్కి చూడకు, నా అందెల చప్పుడు వినిపిస్తున్నంత మేరా నీ రాజ్యమే’ అని షరతు. శంఖిని, డంకిని నదులు కలిసేచోట అందెలు ఇసుకలో కూరుకుపోయి చప్పుడు ఆగింది. ఆయన తిరిగి చూశాడు. దేవత అక్కడే ఆగిపోయింది. దంతెవాడ దంతేశ్వరి గుడి కథ ఇది. కథ సంగతి ఎలా ఉన్నా వంశం మాత్రం కాకతీయ పేరుతోనే సాగింది. రాజు రుద్రప్రతాప దేవ్‌కి మగసంతానం లేక 1922లో కూతురు ప్రఫుల్ల కుమారీ దేవి గద్దెనెక్కింది. ఆమె మయూర్‌భంజ్ ఇంటి కోడలు కావడంతో తర్వాతివాళ్ళ పేర్ల చివర భంజ్‌దేవ్ చేరింది. 2022 జులైలో వరంగల్‌లో కాకతీయ వైభవ సప్తాహం జరిపినప్పుడు ఆ ఇంటి వారసుడు కమల్ చంద్ర భంజ్‌దేవ్‌ని పిలిచి ఊరేగించారు.

అన్నమదేవుడికంటే ముందే తెలుగు ఇక్కడికి వచ్చేసింది. దంతెవాడ జిల్లాలోని బార్సూర్ ఒకప్పటి ఛిందక నాగుల రాజధాని. వాళ్ళ సామంతుడు, తెలుగు చోడుడు చంద్రాదిత్యుడు 11వ శతాబ్దిలో అక్కడ శివాలయం కట్టించి తెలుగులో శాసనం వేయించాడు. గీదం నుంచి బార్సూర్ దాకా సైకిల్ మీద హాయిగా పోవచ్చు. మామా భాంజా గుడి, ముప్పై రెండు స్తంభాల బత్తీసా మందిరం, పక్కపక్కనే కూర్చున్న రెండు భారీ వినాయకులు, అన్నీ కాలినడక దూరంలో ఉంటాయి.

జగదల్‌పూర్ నుంచి మొదటిరోజు అందరూ వెళ్ళేది పడమటికి, చిత్రకోట్ జలపాతానికి. 40 కిలోమీటర్లలోపే, పెద్ద ఎత్తుపల్లాలు లేవు. ఇంద్రావతి అక్కడ గుర్రపు నాడా ఆకారంలో దాదాపు 29 మీటర్ల కిందికి దూకుతుంది. వానాకాలంలో ఎర్రమట్టి నీళ్ళతో ఒడ్డు నుంచి ఒడ్డుకి నిండుతుంది. చలికాలానికి పాయలుగా విడిపోతుంది. జలపాతం ఫొటోలు అందరి దగ్గరా ఉన్నాయి కాబట్టి దాన్ని వదిలి, దారిలోని లోహండీగూడ గురించి చెబుతాను.

ఇది ఆగి చూడవలసిన ఊరు. చూడ్డానికి ప్రత్యేకంగా ఏమీ కనిపించదు, అదే దీని ఇబ్బంది. 1961లో కేంద్రం మహారాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్‌కి గుర్తింపు తీసేసినప్పుడు ఆదివాసులు ఇక్కడ గుమిగూడారు. మార్చి 31న పోలీసులు కాల్పులు జరిపారు. అయిదేళ్ళకి, 1966 మార్చి 25న, జగదల్‌పూర్ రాజభవనంలోనే పోలీసు కాల్పుల్లో ప్రవీర్ చంద్ర చనిపోయాడు. ఇప్పటికీ బస్తర్ ఇళ్ళలో దేవుడి పటాల పక్కన ఆయన ఫొటో కనిపిస్తుంది. మళ్ళీ 2005లో ఇదే లోహండీగూడలో టాటా స్టీల్ కర్మాగారానికి ఒప్పందం కుదిరింది. పది ఊళ్ళ భూమి సేకరించారు. కర్మాగారం రాలేదు. 2019లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 1,707 మంది రైతులకి ఆ భూమిని తిరిగి రాసిచ్చింది. పరిశ్రమ కోసం తీసుకున్న భూమి రైతు చేతికి వెనక్కి రావడం మన దేశంలో ఎన్నిసార్లు జరిగిందో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అలాంటి పొలాల పక్క నుంచి సైకిల్ తొక్కుతున్నామని తెలిస్తే వరి కూడా వేరుగా కనిపిస్తుంది.

దక్షిణానికి తిరిగితే కాంగేర్ లోయ. 1982లో జాతీయ వనం అయింది, విస్తీర్ణం 200 చదరపు కిలోమీటర్లు. నార్వే ఫియోర్డుని చేసింది మంచు. హిమానీనదం కొండని దొలిచి పోతే ఆ దొన్నెలోకి సముద్రం వచ్చి నిలబడింది. కాంగేర్ లోయని చేసింది వాన. ఇక్కడి రాయి సున్నపురాయి. వాననీరు పగుళ్ళలో దిగి, కొంచెం కొంచెం కరిగించి, లోపల గుహలు చేసింది. తీరథ్‌గఢ్ దగ్గర నీళ్ళు మెట్లుమెట్లుగా దాదాపు 90 మీటర్లు దిగుతాయి. కుటుంసర్ గుహని 1950ల్లో శంకర్ తివారీ లోపలికి పోయి పరిశీలించాడు. ఆ చీకట్లో కళ్ళు పనిచేయని చేపలున్నాయి. గుహ బయట సాలవృక్షాల మీద మనిషి మాటని అనుకరించే బస్తర్ కొండ గోరింక ఉంటుంది, రాష్ట్ర పక్షి అదే.

ఈ లోయ అంచునే నేతానార్. ధుర్వా ఆదివాసుల ఊరు, 1910 తిరుగుబాటు నాయకుడు గుండాధూర్ ఊరు. అడవిని రిజర్వు చేసి పోడునీ వేటనీ ఆపడం, వెట్టి, పన్నులు అన్నీ కలిసి ఆ ఏడాది ఫిబ్రవరిలో ‘భూంకాల్’ తిరుగుబాటుగా బద్దలయ్యాయి. అంతకుముందు కొన్నాళ్ళపాటు ఊరి నుంచి ఊరికి మామిడి కొమ్మ, మిరపకాయలు, బాణాలు తిరిగాయి. అందుకున్న ఊరు తన వంతు కలిపి పక్క ఊరికి పంపాలి. తంతి తీగలున్న ప్రభుత్వానికి తెలిసేలోపే లోయలన్నిటికీ కబురు అందింది. సంతలు కొల్లగొట్టారు, బడులూ పోలీసు ఠాణాలూ తగలబెట్టారు. అణచడానికి బయటి నుంచి సైన్యం రావలసివచ్చింది. గుండాధూర్ మాత్రం ఎవరికీ చిక్కలేదు. ఆ కబురు పరిగెత్తిన కాలిబాటలు కొన్ని ఇప్పుడు సిమెంటు రోడ్లు. పిల్లలు వాటిమీదే బడికి పోతున్నారు.

బడికి పోయేవాళ్ళ గురించి ఒక మాట. బస్తర్‌లో అందరికంటే ఎక్కువగా ఎదురయ్యే సైకిలిస్టులు వాళ్ళే, నీలం చుడీదార్ల ఆడపిల్లలు. తొమ్మిదో తరగతిలో చేరిన బడుగు వర్గాల ఆడపిల్లకి సరస్వతి సైకిల్ యోజన కింద ప్రభుత్వం సైకిల్ ఇస్తుంది. మిగిలిన సైకిళ్ళని సంతరోజు చూడాలి. క్యారేజీ మీద ఇప్పపూల బస్తా, దానిపైన గంపలో చింతపండు. హ్యాండిల్‌కి ఒకవైపు జీలుగు కల్లు డబ్బా. ఇంకోవైపు గుడ్డసంచిలోంచి మెడ బయటపెట్టి, కుదుపుకొక్కసారి చుట్టూ చూసే పందెం కోడి. బరువు ఎక్కువై మనిషి తొక్కడు, పక్కన నడుస్తూ తోస్తాడు. ఘాట్ ఎక్కేటప్పుడు వెనక నుంచి ఇంకొకరు పట్టాలి. గేర్ల సైకిల్ మీద, హెల్మెట్ పెట్టుకుని, జిగేలుమనే చొక్కా వేసుకుని మనం ఆ పక్కనుంచి ఖాళీగా దూసుకుపోతుంటే వాళ్ళు నవ్వుతారు. నవ్వాల్సిందే మరి.

నార్వే సంగతి మధ్యలో వదిలేశాను. అక్కడ అన్నిటికంటే పేరున్న సైకిల్ దారి రాలర్‌వేగెన్. ఓస్లో, బెర్గెన్ మధ్య 1909లో పూర్తిచేసిన రైలు మార్గం పని కోసం ఎత్తయిన మంచు మైదానం మీదుగా ఒక మట్టిబాట వేశారు. రైలు కూలీలు సరుకులు మోసిన బాట. రైలు వచ్చాక బాట పాడుబడింది. 1970ల్లో దాన్ని సైకిళ్ళకి తెరిచారు. ఇప్పుడు హౌగస్టోల్‌లో అద్దెకి సైకిల్ తీసుకుని, 1,222 మీటర్ల ఎత్తున ఉన్న ఫిన్సే మీదుగా 80 కిలోమీటర్లు తొక్కి, ఫియోర్డు ఒడ్డున ఫ్లోమ్‌లో సైకిల్ అప్పజెప్పి, రైలెక్కి ఇంటికి పోవచ్చు. చెమటోడ్చిన దారి సెలవుదారి అయింది.

మన దగ్గర దానికి జోడు కొత్తవలస – కిరండూల్ లైను. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపాన్‌కి పంపడానికి 1960ల్లో తూర్పు కనుమలు తొలిచి వేశారు. 58 సొరంగాలు, వంతెనలకి లెక్కేలేదు. అరకు చూడ్డానికి మనం ఎక్కే రైలు ఈ పట్టాల మీదే పోతుంది. చాలామంది అరకులో దిగిపోతారు కాబట్టి, అదే పెట్టె జగదల్‌పూర్, దంతెవాడ, బచేలీ దాకా పోతుందని గుర్తుండదు. తేడా ఒక్కటే. బెర్గెన్ లైను పక్కన పని అయిపోయింది, ఆట మొదలైంది. ఇక్కడ ఖనిజం బళ్ళు ఇంకా ఆగలేదు. దంతేశ్వరి అందెలు ఆగిపోయిన శంఖిని నీళ్ళు గని మట్టితో ఏళ్ళ తరబడి ఎర్రగా పారాయి. బస్తర్‌లో వేసిన దారి ఏది తీసుకున్నా ఎవరో ఏదో పట్టుకుపోవడానికే వేశారని నాకు అనిపిస్తుంది. 1859లో కోయలు తిరగబడిందీ సాల కలప నరికి తరలిస్తున్న హైదరాబాద్ కాంట్రాక్టర్ల మీదే. ఒక్క చెట్టుకి ఒక్క తల అన్నారు. ప్రభుత్వం కాంట్రాక్టులు రద్దు చేసుకోక తప్పలేదు. ఆ కాంట్రాక్టర్లు మన వైపు వాళ్ళే అనేది మనం తెలుసుకోవాల్సిన విషయం.

దర్భా ఘాట్ దగ్గరికి వద్దాం. ఇక్కడ రోడ్డు పీఠభూమిని వదిలి దిగడం మొదలుపెడుతుంది. దిగే ముందు రెండు పనులు చేయాలి. మొదటిది, రెండు బ్రేకులూ గట్టిగా పట్టి సైకిల్‌ని ముందుకి తోసి చూడటం. వెనక చక్రం కదిలితే రబ్బర్లు అరిగినట్టే, అద్దె సైకిలైతే తప్పకుండా అరిగే ఉంటాయి. రెండోది, ఝీరం లోయ ఎక్కడుందో తెలుసుకోవడం. 2013 మే 25న ఇక్కడే మావోయిస్టులు కాంగ్రెస్ నాయకుల కాన్వాయ్ మీద దాడి చేశారు. మహేంద్ర కర్మ, నందకుమార్ పటేల్ చనిపోయారు, గాయపడ్డ విద్యాచరణ్ శుక్లా తర్వాత పోయారు. 1980లో గోదావరి దాటి దండకారణ్యంలోకి వచ్చిన తొలి నక్సలైటు దళాలు తెలుగు నేల నుంచి వచ్చినవే. 2005లో మావోయిస్టులకి వ్యతిరేకంగా సల్వా జుడూం మొదలయ్యాక ఇళ్ళు వదిలి పారిపోయిన గుత్తికోయలు మన ములుగు, భద్రాద్రి, చింతూరు అడవుల్లో ఇంకా గుడిసెలేసుకుని ఉన్నారు. మన మిరప తోటల్లో కాయ కోసేది చాలావరకు వాళ్ళే. 2018 అక్టోబరు 2న పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి బృందం చింతూరు పక్కన చట్టి నుంచి జగదల్‌పూర్‌కి శాంతి పాదయాత్ర చేసింది. మరుసటేడు జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కి సైకిళ్ళ మీద వెళ్ళారు. బస్తర్‌లో సైకిల్ యాత్రకి చరిత్ర అంటూ ఉంటే దాన్నే ముందు చెప్పుకోవాలి.

ఘాట్ దిగాక సుక్మా వైపు ఊళ్ళ పేర్లు మనకి దగ్గరవుతాయి. దోర్నపాల్, ఎర్రబోర్, కుంట. పక్కనే శబరి. కొరాపుట్ కొండల్లో కొలాబ్‌గా పుట్టిన నది ఇది. కాంగేర్ నీళ్ళని కలుపుకుని, కుంట దగ్గర సీలేరుని కూడా తీసుకుని, కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. అంటే తీరథ్‌గఢ్ మెట్లు దిగిన నీరే పాపికొండల మధ్య నుంచి పోతుంది. కొండల నడుమ అంత లోతైన నీటిబాట, తెలుగునాట ఫియోర్డుకి దగ్గరగా చెప్పుకోగలిగింది అదొక్కటే. పోలవరం నిండితే నీరు వెనక్కి శబరిలోకి ఎంత ఎగదన్నుతుంది, కుంట ఏ మేరకి మునుగుతుంది అనేదాని మీద ఛత్తీస్‌గఢ్ సుప్రీంకోర్టుకి ఎక్కింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి కొన్ని సంగతులు. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కితే సాయంత్రానికి జగదల్‌పూర్. సొంత సైకిల్‌ని లగేజీగా బుక్ చేసుకోవడం మేలు. లేదంటే దిగబోయే హోమ్‌స్టే వాళ్ళతో అద్దె సంగతి ముందే మాట్లాడుకోవాలి. ఊళ్ళో సైకిల్ షాపుల్లో మన చిన్నప్పటి పద్ధతిలో అడిగినా ఒక్కోసారి పని జరుగుతుంది. కాంగేర్ లోయలో ధుర్వాల ఊరు ధూడ్‌మారాస్‌లో ఊరివాళ్ళే ఇళ్ళలో బస ఇస్తారు, నది మీద వెదురు తెప్పలు నడుపుతారు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో ఉత్తమ పర్యాటక గ్రామాల కార్యక్రమానికి దీన్ని ఎంచుకుంది. రహదారి వదిలి లోపలికి పోయేటప్పుడు ఊళ్ళో అడగకుండా పోవద్దు. సంతలో ఎర్రచీమల చట్నీ చాప్డా పెడితే కొంచెమే రుచి చూడండి, ఘాటు. ఇక కాలం సంగతి. జలపాతాలు నిండుగా ఉండేది వానల్లో, గుహలు మూసేసేదీ వానల్లోనే. రెండూ కావాలంటే నవంబరు మొదటి వారాలు చూసుకోవాలి, అప్పటికి కుటుంసర్ తెరుస్తారు, చిత్రకోట్‌లో నీరింకా సన్నబడదు.