తిరణాలకు రైలెక్కిన డెల్టా

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో వసంతకాలపు తిరణాలలు శివరాత్రితో మొదలై ఫాల్గుణ పౌర్ణమికి మంగళగిరి తేరుతో ముగుస్తాయి. అప్పటికి వరి నూర్పిళ్ళు అయిపోయి ఉంటాయి. మాగాణిలో చల్లిన మినుము, పెసర ఇంటికి చేరుతూ ఉంటాయి. చేతిలో నాలుగు రూపాయలు ఆడే రోజులు, ఎండ ఇంకా ముదరని రోజులు అవి. రైతు కాలు కదిపేందుకు వీలున్నప్పుడే దేవుడి పెళ్ళిళ్ళు కూడా రావడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం.

ఈ ప్రయాణం చరిత్ర ఎడ్లబండితో మొదలవుతుంది. కోటప్పకొండకు ప్రభ కట్టుకుని వెళ్ళేవాళ్ళు బండి మీద వారానికి సరిపడా బియ్యం, చింతపండు, ఎడ్లకు మేత వేసుకుని బయల్దేరేవారు. తిరణాల అంటే దేవుణ్ణి చూడడమొక్కటే కాదు, ఎడ్లను చూపించుకోవడం, బేరం పెట్టడం, పొరుగూరి జతతో పోల్చుకోవడం కూడా. ఒంగోలు జాతి గిత్తల కీర్తిలో కొంత భాగం ఈ కొండ దారుల్లోనే పుట్టింది. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక డెల్టాకు ఇంకో దారి దొరికింది. కాలువలు చేలకు నీళ్ళివ్వడంతో పాటు పడవలూ నడిపాయి. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువను కలిసేది. సరుకుతో పాటు యాత్రికులూ ఆ నీటిదారిన సాగేవారు. పడవ ప్రయాణం నెమ్మది, పైగా కాలువ కట్టేసిన రోజుల్లో అదీ ఉండేది కాదు.

కృష్ణ మీద బెజవాడ దగ్గర రైలు వంతెన 1893లో తెరుచుకుంది. 1899లో బెజవాడ, మద్రాసు మధ్య లైను కలిసింది. తెనాలి, నిడుబ్రోలు, బాపట్ల ఆ దారిలో పడ్డాయి. అంతకు ముందే, 1890 ప్రాంతానికే, సదరన్ మరాఠా రైల్వే వారి మీటరుగేజీ గుంటూరు, మంగళగిరి మీదుగా కృష్ణ ఒడ్డుకు వచ్చింది. ఈ రెంటినీ జోడించిన పని 1916లో జరిగింది. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లె దాకా బ్రాడ్‌గేజీ వేసింది. తెనాలి నుంచి రేపల్లెకు దాదాపు 34 కిలోమీటర్లు. ధాన్యం కోసం, మిల్లుల కోసం వేసిన లైను అది. అయినా వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన స్టేషన్లలో ఫాల్గుణ మాసపు తెల్లవారుజామున మూటలతో నిలబడ్డ జనం దాన్ని తమ తిరణాల దారిగా చేసుకున్నారు. వారం పట్టే యాత్ర ఒక పగలూ ఒక రాత్రిగా మారింది.

ఎడ్లబండి యాత్ర ఎడ్లున్నవాడి యాత్ర. రైలు టిక్కెట్టు కొనడానికి ఎడ్లు అక్కర్లేదు. కూలి చేసుకునేవాళ్ళు, వితంతువులు, మగతోడు లేకుండా నలుగురు కలిసి బయల్దేరిన ఆడవాళ్ళు మూడో తరగతి పెట్టెలో సర్దుకుని కూర్చున్నారు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ఊరు చెప్పిన లెక్క ఆ పెట్టెలో పూర్తిగా నిలవలేదు. గుడి మాత్రం అంత తొందరగా తెరుచుకోలేదు. మద్రాసు ప్రభుత్వపు ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చేదాకా దళితులకు తిరణాల వీధి, తేరు చూపు, అంగళ్ళు తప్ప గర్భగుడి ముందు నిలబడే హక్కు చట్టంలో లేదు. ఆ తర్వాత కూడా ఊరూరా అది ఒకేలా అమలు కాలేదు. పెట్టెలో దక్కిన చోటు గుడిలో దక్కడానికి అన్నేళ్ళు పట్టిందన్న నిజాన్ని దాటేసి తిరణాల చరిత్ర రాయడం తప్పు.

జనం పెరిగేసరికి ప్రభుత్వానికి కలరా భయం పట్టుకుంది. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టంలో జాతరలకూ ఉత్సవాలకూ ప్రత్యేకంగా నిబంధనలు పెట్టారు. నీళ్ళు, మరుగుదొడ్లు, టీకాల ఏర్పాట్లు తిరణాలలో భాగమయ్యాయి. పుణ్యక్షేత్రాలకూ, జాతరలు జరిగే ఊళ్ళకూ రైలులో వచ్చిపోయేవారిపై పన్ను వేయడానికి 1956లో ఏకంగా ఒక కేంద్ర చట్టమే వచ్చింది. పోలీసు బందోబస్తుకూ ఇలాంటి చరిత్రే ఉంది. 1909 శివరాత్రి నాడు కోటప్పకొండలో పోలీసులకూ జనానికీ జరిగిన ఘర్షణ, ఆ కేసులో చిన్నపరెడ్డి అనే వ్యక్తికి పడ్డ ఉరిశిక్ష పల్నాడు పాటల్లో నిలిచిపోయాయి.

రైలు వల్ల అన్నిటికంటే ఎక్కువ లాభపడింది తిరణాల రాత్రి అని నాకనిపిస్తుంది. ప్రభ ముందు కనకతప్పెట మోగి, జీళ్ళు, ఖర్జూరం, గాజుల అంగళ్ళ మధ్య పిల్లల ఏడుపులు సద్దుమణిగాక పద్యనాటకం మొదలయ్యేది. దానికి కేంద్రం తెనాలి. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ వేదిక మీద పెరిగి, సత్యభామగా, రోషనారగా, చింతామణిగా ఆంధ్రదేశమంతా తిరిగారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ తిరుగుడంతా రైలు చలవే. కాంట్రాక్టు నాటకాల పద్ధతి ఎలా నడిచేదో గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. కృష్ణుడు ఒక ఊరి నుంచి, అర్జునుడు మరో ఊరి నుంచి, హార్మోనిస్టు ఇంకెక్కడి నుంచో వేర్వేరు బండ్లలో సాయంత్రానికి దిగేవారు. రిహార్సలు లేకుండా రాత్రి పదింటికి తెర లేచేది. తెల్లారి మొదటి బండికి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళేవారు. రైల్వే టైంటేబుల్ లేకపోతే ఆ నాటకరంగం ఆ రూపంలో ఉండేది కాదు.

పట్టాలు లేనిచోట తిరణాల చిన్నదైపోయిందా అంటే అదీ లేదు. తెనాలికి దగ్గరి గోవాడలో బాలకోటేశ్వరస్వామి శివరాత్రికి రైలు అక్కర్లేకుండానే ప్రభలు లేస్తాయి. కోటప్పకొండకు నరసరావుపేటలో దిగి ఇంకా రోడ్డున పోవాలి. అయినా విద్యుద్దీపాల ప్రభలు అక్కడే అన్నిటికంటే ఎత్తుగా నిలుస్తాయి. కాబట్టి రైలు తిరణాలను పుట్టించలేదు. దూరంవాళ్ళను చేర్చింది, అంతే. మంగళగిరికి స్టేషను ఊళ్ళోనే ఉంది. 1807, 1809 మధ్య వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు కట్టించిన గాలిగోపురం దిగినవాడికి దారి చూపుతుంది. కొండ మీద పానకాలస్వామికి బెల్లం పానకం పోసి, చతుర్దశి రాత్రి కల్యాణం చూసి, పౌర్ణమినాడు తేరు తాడు పట్టుకుని తిరుగు బండి ఎక్కడం రేపల్లె లైను వాళ్ళకు తరతరాలుగా తెలిసిన దినచర్య.

ఇలాంటి కథే స్పెయిన్ దక్షిణాన అందలూసియాలోనూ నడిచింది. సెవిల్లె ఏప్రిల్ సంత 1847లో పశువుల సంతగా మొదలైంది. 1846లో దాన్ని ప్రతిపాదించింది బోనప్లాటా, ఇబార్రా అనే ఇద్దరు పురపాలక సభ్యులు. 1859లో సెవిల్లెకు కొర్దోబా నుంచి రైలు చేరింది. క్రమంగా పశువుల బేరం తగ్గి, గుడారాలు, పాట, నాట్యం, గుర్రపు బండ్ల షికారు మిగిలాయి. 1973లో సంత మైదానం ఊరి మధ్య నుంచి లోస్ రెమెదియోస్‌కు మారింది. సెవిల్లెలో వెయ్యికి పైగా ఉండే గుడారాల్లో ఎక్కువ భాగం కుటుంబాలవి, సంఘాలవి. పిలుపు లేనిదే లోపలికి వెళ్ళలేరు. అక్కడికి దగ్గరిదైన హెరెస్ గుర్రాల సంతలో మాత్రం చాలా గుడారాలు అందరికీ తెరిచే ఉంటాయి. మన తిరణాలకు రెండోదే పోలిక. ఇవాళ మంగళగిరిలో రైలు దిగినవాడిని పిలుపు ఏదని అడిగేవాడు లేడు.

ఈ తెరిచి ఉండడం నిలవాలంటే చౌక బండి నిలవాలి. 2020లో కరోనాతో ప్యాసింజర్లు ఆగిపోయాయి. మళ్ళీ నడిచినప్పుడు చాలాచోట్ల ఎక్స్‌ప్రెస్ ఛార్జీలు పడ్డాయి. కనీస టిక్కెట్టు 10 రూపాయల నుంచి 30 అయింది. 2024 ఫిబ్రవరిలో తిరిగి 10కి దిగింది. నలుగురు కూలి మనుషులున్న ఇంటికి ఆ తేడా తిరణాలకు వెళ్ళడమా మానడమా అనేంత పెద్దది. శివరాత్రికీ, ఫాల్గుణ పౌర్ణమికీ రేపల్లె నుంచి తెనాలి, గుంటూరు మీదుగా మంగళగిరికి, బాపట్ల నుంచి కృష్ణా కెనాల్ మీదుగా మంగళగిరికి రిజర్వేషన్ అక్కర్లేని ప్రత్యేక బండ్లు నడపాలి. తేరు కదిలాక తిరుగు బండి ఉండాలి. ఈ మాట రైల్వేకు చేరేలా తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రయాణికుల సంఘాలు, ఎమ్మెల్యేలు, ఎంపీలు పండుగకు ముందే అడగాలి.