వెనుక చక్రముల పొత్తు

బండి మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము లోపలి చక్రముకన్న ఎక్కువ దూరము నడవవలెను. రెంటిని ఒకే ఇరుసునకు బిగించినచో ఏదో ఒకటి నేలను ఒరసికొని ఈడ్వబడును. ఈ చిక్కును తీర్చు పండ్లచక్రముల అమరికకు 1827లో ఫ్రాన్సు దేశీయుడు ఒనేసిఫోర్ పెక్యూర్ పేటెంటు పొందెను. మనము డిఫరెన్షియల్ అనునది ఇదియే. ఆయన తలచినది మోటారుకారు కాదు, ఆవిరిబండి.

ఇందొక లోపము కలదు. ఒక చక్రము బురదలో దిగినచో అదియే గిరగిర తిరుగును. గట్టినేలమీది చక్రము కదలదు. 1930 దశకమున జర్మనీలో ఆటో యూనియన్ పందెపు కార్లకు బురద లేకయే ఈ బాధ కలిగెను; ఇంజను బలము అంతటిది! ఫెర్డినాండ్ పోర్షె కోరికపై జడ్.ఎఫ్. సంస్థ చక్రముల వేగభేదమును అదుపుచేయు డిఫరెన్షియల్‌ను రూపొందించెను. 1956లో అమెరికాలో ప్యాకార్డ్ కార్లకు ఇట్టిది వచ్చెను.

అయితే ఈ పొత్తు నిలుచుటకు రెండు టైర్లును సమముగా నుండవలెను. మేము లెక్కకట్టి చూచితిమి. 66 సెంటీమీటర్ల వ్యాసముగల టైరు కిలోమీటరునకు సుమారు 482 చుట్లు తిరుగును. జంటటైరు 6 మిల్లీమీటర్లు అరిగినచో అది 491 చుట్లు తిరుగవలెను. తిన్నని బాటమీదను కారు నిత్యము మలుపులోనే యున్నట్లు యంత్రమునకు తోచును. సాధారణ డిఫరెన్షియల్ దీనిని సహించును. రాపిడి పలకలతో పనిచేయు రకములో మాత్రము ఆ పలకలు ఎడతెగక ఒరసికొని, వేడెక్కి, అరిగిపోవును. కారు అరిగిన టైరు వైపునకు లాగుటయు కలదు. ఒక్క టైరు మాత్రమే మార్చి పొదుపు చేసితిమని మనము సంతసించుచుండగా, పలకల పట్టు సడలి, బురదలో మరల ఒక్క చక్రమే తిరుగును.